మేనకోడలి సైకిలుకి మేనమామ హంగులు

మేనకోడలు నిద్ర లేచేలోగా ఆమె సైకిలు తుడిచి తళతళలాడేలా పెట్టాలి. ఆ ఉదయం మాణిక్యాలరావు గారి ఆలోచన అంతే. మట్టిదిబ్బల మీంచి సైకిలుతో గాల్లోకి ఎగిరి, పల్టీ కొట్టి దిగడమే శ్రీదుర్గ వృత్తి. ఆ రోజు పదకొండింటికి ఓడలరేవు ఒడ్డున సైకిళ్ళ కంపెనీవాళ్ళ ముందు ఎగరాలి. వాళ్ళకి నచ్చితే ఖర్చు పెట్టుకుని పోటీలకు పంపుతారు, నచ్చకపోతే ఎగరడం మాని ఏదో ఉద్యోగం చూసుకోవాలి. ఆ పిల్లకి తొక్కడం నేర్పింది తనే, అదీ తన పాత సైకిలు మీద. అందుకే ఆయన తెల్లవారకముందే లేచి కూర్చున్నారు.

గుడ్డ పట్టుకుని కూర్చున్నాక లోపాలు ఒక్కొక్కటే కంటపడ్డాయి. సీటు మోకాలెత్తున ఉంది. బెల్లు, స్టాండు, మడ్‌గార్డులు, క్యారియరు ఏవీ లేవు. గేర్లు అసలే లేవు. ముందు స్ప్రింగు నొక్కితే బండరాయిలా ఉంది. అమాయకపు పిల్లకి ఎవరో దీన్ని అంటగట్టారని ఆయన తేల్చుకున్నారు. ఫోను ఇంట్లోనే మరిచిపోయి, సైకిల్ని నడిపించుకుంటూ అమలాపురం బజార్లో సాలమోను సైకిలు షాపుకి వెళ్ళారు.

“ఇది చిన్నపిల్లల సీటండి. బాగా మోసం చేసేరండి,” అన్నాడు సాలమోను జాలిగా.

“అందుకే కదయ్యా తెచ్చేను. మన పిల్లకి ఏ లోటూ ఉండకూడదు.”

“ఆయ్.”

సాలమోను పొడుగు గొట్టం వేసి సీటు లేపాడు, బెల్లు బిగించాడు. గాలి నింపిన ఆ స్ప్రింగులోంచి కొంత గాలి తీసి మెత్తగా చేశాడు. మడ్‌గార్డులు అమరకపోతే తీగతో కట్టాడు. ఎదుటి కొట్టుకి టీ తాగడానికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన క్యారియరు పెట్టించాడు, ఇంకొకాయన స్టాండు లేనిదే ఎలాగన్నాడు. పక్కన పూలమ్మే రత్నమాల, పిల్ల గెలవాలని హ్యాండిలుకి బంతిపూల దండ వేసి నిమ్మకాయ కట్టింది. ఇంతమంది మంచితనం పూర్తయ్యేసరికి పది దాటింది.

సైకిల్ని ఆటో వెనక కట్టించుకుని వస్తుంటే కానిస్టేబులు ఆపాడు. “శ్రీదుర్గ అనే అమ్మాయి సైకిలు పోయిందండి. అన్ని బళ్ళూ చూస్తున్నాం.”

మాణిక్యాలరావు గారు ఆటో దిగి వెనకున్న సైకిల్ని చూపించారు. “అది ఇదేనండి బాబూ.”

కానిస్టేబులు సైకిలు చుట్టూ ఓసారి తిరిగాడు. “పోయినదానికి సీటు కిందకి ఉంటుందండి. బెల్లు లేదు, స్టాండు లేదు, క్యారియరు లేదు. దీనికి అన్నీ ఉన్నాయి కదండీ. మీరు కంగారులో ఉన్నారు, వెళ్ళండి.”

“ఆ పిల్లేదండీ?”

“ఎవరిదో పాత సైకిలేసుకుని ఓడలరేవు పోయిందండి.”

ఆటో ఓడలరేవు చేరేసరికి ఒడ్డంతా జనం. ఇసుకలో ఒక గుట్ట ఉంది: మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, బెల్లు, గొలుసు కవరు. కవరు మీద తెల్లరంగుతో ‘మాణిక్యాలరావు’ అని రాసి ఉంది. తలెత్తి చూస్తే దిబ్బ మీద ఆయన సైకిలు బోడిగా, సీటు అడుక్కంటా దింపేసి ఉంది. దాని మీద శ్రీదుర్గ.

పిల్ల దూసుకొచ్చింది, ఎగిరింది, గాల్లో రెండు చేతులూ వదిలేసింది. మేనమామ కళ్ళు మూసుకున్నారు. చప్పట్లు వినపడ్డాకే తెరిచారు.

కంపెనీ తరఫున వచ్చిన అనురాధ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. “మంచి సైకిలు మీద చాలామంది ఎగురుతారండి. దీని మీద ఎగిరినవాళ్ళని ఇదే చూడ్డం. ఈ అమ్మాయిని మేమే పంపుతాం.”

మాణిక్యాలరావు గారు సంతోషం పట్టలేక అందరి ముందూ ఏడ్చేశారు. అప్పుడు శ్రీదుర్గ ఆటో వెనక దండ వేసుకుని నిలబడ్డ తన సైకిల్ని చూసింది.

“మావయ్యా, దీన్నేం చేసేరు?”

“బాగు చేయించేనమ్మా,” అన్నారాయన నేల చూస్తూ.

శ్రీదుర్గ హ్యాండిలుకి వేలాడుతున్న నిమ్మకాయని వేలితో ఊపి చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది. “నేనూ మీ సైకిల్ని బాగు చేసేనండి.”

మర్నాడు ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా తన పాత సైకిలు తొక్కుకుంటూ బజారుకి వచ్చారు. సాలమోను పరుగున ఎదురొచ్చి సీటు లేపమంటారా అని అడిగాడు.

“ముట్టుకోకయ్యా. తెలిసినవాళ్ళు కొలిచి పెట్టిన సీటిది.”

బెల్లు లేదు గనక, దారి పొడుగునా తప్పుకోండని ఆయనే అరుచుకుంటూ వెళ్ళారు.