లిఫ్టు మెకానిక్ గుండెదడ

లిఫ్టు మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పనికి వెళ్తూ మందుల షాపు దగ్గర ఆగాలి, దగ్గర్లో మంచి మానసిక కౌన్సెలర్ ఎవరున్నారో కనుక్కోవాలి, ఎవరి కంటా పడకుండా జారుకోవాలి. కొన్నాళ్ళుగా లిఫ్టు తలుపులు మూసుకోగానే అతని గుండె దడదడలాడుతోంది, ఊపిరి అందడం లేదు. లిఫ్టంటే భయపడే మెకానిక్‌ని ఏ కంపెనీ మాత్రం ఉంచుకుంటుంది? అందుకే భార్యకు కూడా చెప్పలేదు.

"ఎవరికండీ?" అని షాపాయన అడిగేవరకు అంతా సవ్యంగానే సాగింది.

"మా... బావమరిదికి."

"డ్రైవింగ్ నేర్పే మాస్టారికా? మొన్న కూడా నవ్వుతూ కనిపించాడే."

"పైకి తెలియదండీ. ఎవరితోనూ అనకండి" అని బతిమాలి మెకానిక్ బయటపడ్డాడు.

షాపాయన మంచివాడే, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపటికి దగ్గుమందు కోసం మెకానిక్ భార్య వచ్చింది. "మీ తమ్ముడి గురించి దిగులు పెట్టుకోకమ్మా, మనసుకి కూడా వైద్యం ఉంది" అన్నాడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది. తల్లి డ్రైవింగ్ స్కూలు యజమానికి చేసింది.

మధ్యాహ్నానికల్లా యజమాని బావమరిది చేతిలోంచి కారు తాళాలు తీసుకుని, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవయ్యా" అని భుజం తట్టాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఇంటికొస్తే తల్లి పెట్టిందే పెట్టి తినమంటోంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడగలదని అతనికి అంతవరకు తెలియదు. పక్కింటివాళ్ళు పళ్ళు పట్టుకొచ్చి, అతనికేసి జాలిగా చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం మెకానిక్‌కి భార్య ఫోన్ చేసింది. "ఏమండీ, తిన్నగా అమ్మావాళ్ళింటికి రండి. తమ్ముడి సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఈసారి అతనికి లిఫ్టు లేకుండానే ఊపిరాడలేదు.

అత్తగారి హాలు జనంతో నిండి ఉంది. మెకానిక్ తేలు కుట్టిన దొంగలా గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు. నిజం చెబితే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే బావమరిది ఉద్యోగం పోయేలా ఉంది. ఎటూ తేల్చుకోలేక అతను నీళ్ళు నములుతుండగానే బావమరిది లేచి నిలబడ్డాడు.

"మీకెవరు చెప్పారో గానీ, నిజమే. బ్రేకు అనుకుని ఒకాయన యాక్సిలరేటర్ తొక్కి గోడకి గుద్దించిన దగ్గర్నుంచీ కారెక్కితే చెమటలు పట్టేవి. వెనక వీధిలో కౌన్సెలరమ్మ దగ్గరికి ఏడాదిగా వెళ్తున్నా. ఇప్పుడు బానే ఉన్నా. మీరిలా చుట్టూ చేరి కూర్చుంటారనే చెప్పలేదు."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది. "కన్నదాన్ని, నాకే తెలియలేదు. అల్లుడుగారు కనిపెట్టారు. మనిషి బంగారం."

చెప్పిన అబద్ధం దానంతటదే నిజమైపోయింది. ఇక మెకానిక్ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, బంగారంగానే మిగిలిపోవచ్చు. కానీ "ఇప్పుడు బానే ఉన్నా" అన్న మాట అతన్ని వదలడం లేదు. తనకీ ఒకరోజు ఆ మాట అనాలని ఉంది.

"నేనేం కనిపెట్టలేదు అత్తయ్యా. అడిగింది నా కోసం. లిఫ్టెక్కాలంటే చచ్చే భయంగా ఉంటోంది. సిగ్గేసి వీడి పేరు చెప్పా."

ముందుగా బావమరిదికి నవ్వొచ్చింది. "నన్నే అడిగితే పోయేదిగా బావా" అంటూ అక్కడికక్కడే కౌన్సెలరమ్మకు ఫోన్ చేసి మర్నాటికి టైము తీసుకున్నాడు. అత్తగారు డ్రైవింగ్ స్కూలు యజమానికి ఫోన్ చేసి, పొద్దున చెప్పినదానికి రెట్టింపు గట్టిగా తన కొడుకు నిక్షేపంలా ఉన్నాడని చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా? నేనెందుకున్నానండీ?" అని భార్య మెకానిక్ చెయ్యి పట్టుకుంది. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే హాయిగా ఉంది, ఊపిరి గుండెల నిండా అందింది.

మర్నాడు కౌన్సెలరమ్మ అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ విషయం ఇంట్లోవాళ్ళకి చెప్పారా?" అని మృదువుగా అడిగింది.

"వీధి మొత్తానికి తెలుసండీ" అన్నాడు మెకానిక్. "కాకపోతే సగంమంది ఇంకా మా బావమరిదికే అనుకుంటున్నారు."