తూర్పు రేకు

ఆ ఉదయం గాలమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి పురపాలక ఆఫీసులో మీటింగు, తన చార్టు గురించి పది నిమిషాలు మాట్లాడటం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకోవడం. గాలమ్మ అసలు పేరు కాదు. ఏడాదిగా గాలి లెక్కలు కడుతోందని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు.

ఊరి చెత్తను ఎరువుగా మార్చే యార్డు ఒకటి పెట్టాలి. పడమర ప్రసూతి ఆసుపత్రి దాటాక ఒక స్థలం ఉంది, తూర్పున పాత రాళ్ళ క్వారీ ఉంది. వాసన ఊరి మీదికి రాకూడదంటే గాలి ఎటునుంచి వీస్తుందో తెలియాలి. ఆఫీసు మేడ నిండా నీళ్ళ ట్యాంకులే కాబట్టి గాలి దిక్కు చూపే యంత్రాన్ని ఆమె ఇంటి మేడ మీద బిగించారు. అది పంపిన ఏడాది అంకెలతో ఆమె పువ్వు బొమ్మ గీసి నిన్ననే పెద్దసారుకి ఇచ్చింది. ఏ దిక్కునుంచి గాలి ఎక్కువ వస్తే ఆ దిక్కు రేకు అంత పొడుగు. తూర్పు రేకు కాగితం అంచుదాకా సాగింది. గాలి తూర్పునుంచి వస్తోంది కాబట్టి యార్డు పడమర పెట్టమని ఈ రోజు చెప్పాలి.

తొమ్మిదింటికి దుప్పటి ఆరేయడానికి మేడెక్కింది. దుప్పటి లేచి తూర్పువైపు రెపరెపలాడింది. యంత్రం తెర మీద మాత్రం తూర్పు గాలి అని ఉంది. తూర్పునుంచి వచ్చే గాలి దుప్పటిని మళ్ళీ తూర్పుకే ఎలా తోస్తుంది? వంగి చూసింది. ఉత్తరానికి ఉండాల్సిన బాణం గుర్తు దక్షిణంగా, వీధివైపు తిరిగి ఉంది.

"అత్తయ్యా, దీన్నెవరైనా కదిపారా?"

"కదపడమేంటి, తిప్పించాను. ఆ బిగించినవాళ్ళు దాని ముఖం పెరటి గోడకి పెట్టి పోయారు. వీధిలో పోయేవాళ్ళకి వీపు చూపిస్తూ నిలబడితే ఏం బాగుంటుంది? కుళాయి మేస్త్రీ వచ్చాడుగా, స్పానరు వాడి చేతిలోనే ఉంది."

"ఎప్పుడు?"

"పెట్టిన మర్నాడే. ఏడాదినుంచీ ఎంత ముచ్చటగా ఉందో. నువ్వే చూళ్ళేదు."

గాలమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఒకరోజు కాదు, ఏడాది గాలంతా తలకిందులు. పెద్దసారుకి ఫోను చేస్తే ఎంగేజి. కంప్యూటరు ముందు కూర్చుని ప్రతి దిక్కునీ వెనక్కి తిప్పుతూ భర్తని కేకేసింది. "ఏవండీ, చార్టు తప్పు పడింది, నేను వచ్చేదాకా మీటింగు ఆపమని మా ఆఫీసుకి చెప్పండి."

చార్టు తప్పని చెబితే భార్య పరువు పోతుందని ఆయన ఆలోచించాడు. అందుకని ఆమెకి కళ్ళు తిరిగాయని చెప్పాడు. ఫోను పెట్టేసి సంతోషంగా వచ్చాడు.

"మీ సారు దేవుడు. నిన్ను ఇబ్బంది పెట్టొద్దన్నాడు. బొమ్మ చేతిలోనే ఉందట, తనే చెప్పేస్తాడట. అరగంట ముందే మొదలెట్టేస్తున్నారు."

ఈసారి ఆమెకి నిజంగానే కళ్ళు తిరిగాయి.

కొత్త చార్టు సంచిలో కుక్కుకుని ఇంటి చెప్పులతోనే పరుగెత్తింది. ఆమె మీటింగు హాల్లో అడుగు పెట్టగానే అందరూ లేచారు. ఒకరు కుర్చీ వేశారు, హెడ్డు గుమాస్తా ఫైలుతో విసరడం మొదలెట్టాడు.

"సార్, ఆ పువ్వు..."

"మాట్లాడకమ్మా. ముందు నీళ్ళు తాగు."

"గాలి, సార్..."

"కిటికీలు తెరవండయ్యా. ఆవిడకి ఊపిరాడటం లేదు." పెద్దసారు ఆమె పక్కనే కూర్చున్నాడు. "అంతా అయిపోయింది, నువ్వు నిశ్చింతగా ఉండు. తీర్మానం పాసైంది. తూర్పున, క్వారీలోనే."

"తూర్పునా?"

"నీ బొమ్మే చెప్పిందిగా. తూర్పు రేకు పొడుగు, అంటే గాలి తూర్పుకి పోతోంది. వాసనా దాని వెంటే పోతుంది. ఇందులో చదవడానికేముంది?"

గాలమ్మ నోట్లో నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. అసలు గాలి వచ్చేది పడమరనుంచే. యంత్రం దాన్ని తిరగేసి చెప్పింది, సారు ఆ తిరగేసిందాన్ని మళ్ళీ తిరగేసి చదివాడు. తన ప్లాను ప్రకారం అంతా సవ్యంగా జరిగి ఉంటే, తను ఇదే హాల్లో నిలబడి యార్డుని పడమర పెట్టించి, ఊరి వాసనంతా పురిటి పిల్లల మీదుగా తోలేది.

నోరు మూసుకుంటే గండం గడిచిపోయేది. కానీ రేపు ఇంకో చార్టుని కూడా సారు ఇలాగే చదువుతాడు. హాలు ఖాళీ అయ్యాక సంచిలోంచి కొత్త చార్టు తీసి మొత్తం చెప్పింది.

ఆయన రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అయితే నేను చదివింది తప్పా?"

"తప్పే సార్. నేనిచ్చిందీ తప్పే."

"మరి యార్డు?"

"సరైన చోటే పడింది."

ఆయన ఆమె కోసం తెప్పించిన నీళ్ళు తనే తాగేశాడు. "రెంటినీ ఫైల్లో పెట్టమ్మా. దిక్కంటే గాలి వచ్చే దిక్కని పైన పెద్దక్షరాలతో రాయి, నాక్కూడా కనిపించేలా. నిన్ను టైముకి రాకుండా చేసినందుకు మీ ఆయనకి నా థాంక్స్ చెప్పు."

తిరిగొస్తూ ఆసుపత్రి ముందు కాసేపు ఆగింది. వార్డు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరో పసిబిడ్డ గొంతు చించుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆమెకి ఎంతో హాయిగా వినిపించింది.

ఇంటి దగ్గర చీవాట్లకి సిద్ధమై కూర్చున్న భర్తకి కాఫీ ఇచ్చి, సారు థాంక్స్‌కి తన థాంక్స్ కూడా కలిపి చెప్పింది. ఆయన ఆ కాఫీని అనుమానంగా చూసి తాగాడు. రెండో గ్లాసు అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇంకేదైనా తిప్పాలనిపిస్తే ముందు నాకో మాట చెప్పండత్తయ్యా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

మర్నాడు వచ్చిన తీర్మానం ప్రతిలో, స్థలం ఎంపిక పూర్తిగా శాస్త్రీయ పద్ధతిలో జరిగిందని రాసి ఉంది.