సంతకం పెట్టకూడని రోజు

పొద్దున్నే బోర్డుల పెయింటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కోర్టు మూసేదాకా పక్క కొట్టు దర్జీ కంట పడకూడదు. అంతే.

సంగతేమిటంటే, ఈ బోర్డుల కొట్టు పెట్టిన మేనమామ బతికున్న రోజుల్లో ఒకసారి, అక్షరాలు వంకరపోయాయని పెయింటర్ని పదిమందిలో తిట్టి బయటికి గెంటాడు. అతనికి ఒళ్ళు మండి, మామయ్య తరవాత కొట్టు తనకే వస్తుంది కనక వచ్చిన నెలలోగా అమ్ముతానని దర్జీకి ఒప్పందం రాసిచ్చేశాడు. కోపం వారం తిరక్కుండానే చల్లారింది. మామయ్య మళ్ళీ పిలిచి కుంచె చేతికిచ్చాడు, అక్షరం నిలబెట్టడం నేర్పాడు, కొన్నాళ్ళకి కన్నుమూశాడు. ఇప్పుడా కొట్టు వదులుకోవాలంటే పెయింటరుకు ప్రాణం పోయినట్టుంది.

నిన్న తన పేరు బోర్డు రాయించుకోవడానికి వచ్చిన లాయరే ధైర్యం చెప్పాడు. "కొట్టు రాసిస్తానన్న తేదీ దాటి రేపటికి మూడేళ్ళు. రేపు సాయంత్రంలోగా దర్జీ దావా వెయ్యకపోతే అది చిత్తుకాగితం. నువ్వు మాత్రం ఆ ఒప్పందం ఉందని ఎక్కడా రాసి సంతకం పెట్టకు. పెట్టావో, మూడేళ్ళూ మళ్ళీ మొదటికొస్తాయి."

కొట్టు తెరిచీ తెరవగానే దర్జీ దిగాడు. పెయింటరు గోడకి ఆనించిన పెద్ద బోర్డు వెనక్కి దూరాడు.

"ఏమ్మా, మీ ఆయనేడీ?"

"ఒంట్లో బాలేదు బాబాయిగారూ, పడుకున్నారు," అంది పెయింటరు భార్య.

"అయ్యో, చూసి వెళ్తానుండు."

"వద్దొద్దు! అంటుకునే జబ్బు!"

"మరి చెప్పవేం? డాక్టర్ని తీసుకొస్తా!" అంటూ దర్జీ పరిగెత్తాడు.

ముక్కు నిండా నీలం రంగుతో పెయింటరు బయటికొచ్చాడు. "నాకు రోగం అంటగట్టమని ఎవరన్నారే?"

"ఆ చెక్క వెనక నక్కమని మిమ్మల్నెవరన్నారు?"

డాక్టరు వచ్చేసరికి అతను అటకెక్కేశాడు. కొట్టు వెనక గదిలో మంచం ఖాళీగా ఉంది. భార్యకి ఏమీ తోచక, "ఊరెళ్ళారు," అంది.

"అంటుజబ్బుతో బస్సెక్కించావా?" దర్జీ గుండెలు బాదుకున్నాడు. "బస్సులో జనం ఏమైపోవాలి తల్లీ!" అని బస్టాండుకేసి ఉరికాడు. డాక్టరు ఆవిడకే నాలుగు మాత్రలిచ్చి ఫీజు పట్టుకుపోయాడు.

అటక మీద పెయింటరుకు కాలు నిలవడంలేదు. ఈ దర్జీ మళ్ళీ వస్తాడు, ఈసారి వీధి వీధంతా వెంటబెట్టుకొస్తాడు. ఎలాగైనా గుమ్మంలోనే ఆపాలి. పక్కనున్న చెక్కముక్క లాక్కుని గబగబా రాశాడు: "దర్జీగారికి మనవి. కొట్టు అమ్మే మన ఒప్పందం గురించి రేపు మాట్లాడుకుందాం." తొందరలోనూ చుట్టూ అంచు దిద్దాడు. సంతకం లేని బోర్డు గుమ్మం దాటితే చెయ్యి విరుస్తానని మామయ్య ఎప్పుడూ బెదిరించేవాడు. ఆ అలవాటుకొద్దీ కింద మూలన సంతకం గీకి, భార్య చేత గుమ్మానికి తగిలించాడు.

మందు పనిచేసింది. మధ్యాహ్నమంతా ఎవరూ తలుపు తట్టలేదు. కోర్టు మూసే వేళకి పెయింటరు ఈల వేసుకుంటూ దిగి వీధిలోకొచ్చాడు. బోర్డు ముందు దర్జీ నిలబడి ఉన్నాడు. పక్కనే, తన బోర్డు కోసం వచ్చిన లాయరు నెత్తి కొట్టుకుంటున్నాడు.

"సంతకం ఎందుకు పెట్టావయ్యా! గడువు మళ్ళీ మొదటికొచ్చింది!"

దర్జీ జేబులోంచి మడతపెట్టిన పాత ఒప్పందం తీశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"పొద్దుణ్ణించీ ఇది నీ చేతికిచ్చి చింపించేద్దామనే తిరుగుతున్నానురా అబ్బాయ్. మీ మామయ్య కొట్టు మీద నీకెంత మమకారమో నాకు తెలీదా?"

పెయింటరు ఆత్రంగా చెయ్యి చాచాడు. దర్జీ ఆ చేతిని ఆప్యాయంగా నొక్కి, కాగితాన్ని తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"కానీ ఇంత మాట మీద నిలబడేవాడివని ఎరగను. వీధి గుమ్మంలో సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నావు. ఇప్పుడు నేను వద్దంటే నిన్ను అవమానించినట్టే. రేపే రిజిస్ట్రేషన్‌కి వెళ్దాం."

పెయింటరు బోర్డుకేసి చూశాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు.