ఈఫిల్ టవర్ నాలుగో కాలు

ఎమ్మిగనూరు ఈఫిల్ టవర్‌కు ఇనుప కాళ్ళు ఎన్ని?

ఈ ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద, నిర్ణీత నమూనాలో, నేను మూడుసార్లు అడిగాను. మొదటిసారి, ప్రశ్న అందినదని జవాబు వచ్చింది. రెండోసారి, మొదటి జవాబు చూసుకోమని జవాబు వచ్చింది. మూడోసారి ఒక రంగుల ఫోటో పంపారు. అందులో మంత్రిగారు నవ్వుతున్నారు. ఆయన వెనక రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి.

కాబట్టి జరిగినదంతా వరుసగా చెప్పవలసి వస్తున్నది.

టవర్‌ను ప్రకటించిన సభలో నేనూ ఉన్నాను. మంత్రిగారు మైకు సవరించుకుని, "లాస్ వేగస్‌లో ఈఫిల్ టవర్ ఉంది. చైనాలో హాంగ్‌జౌలో ఉంది. ప్యారిస్‌లో కూడా ఉందని అధికారులు నాకు నివేదించారు. మరి ఎమ్మిగనూరులో ఎందుకు లేదు? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఒక్కరికైనా కలిగిందా?" అన్నారు. నిజమే, ఎవరికీ కలగలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చరిత్ర బోధించినదాన్ని. చరిత్ర నా ముందే జరుగుతుంటే గుర్తుపట్టలేనా? చప్పట్లు కొట్టాను.

వెంటనే 'ప్రపంచ వింతల స్థానికీకరణ విభాగం' ఏర్పడింది. దాని డిప్యూటీ ఇంజనీరు జోయల్ గారు స్థలం వెతుకుతూ మా ఇంటి ఎదుటి పడుగుల బాటకు వచ్చారు. మగ్గాల వీధి వెనక మూడు వందల అడుగుల తిన్నని నేల అది. నేతగాళ్ళు తెల్లవారగానే, మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు నూలును అక్కడ బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదిరేలోగా చుట్టుకుని ఇళ్ళకు పోతారు. ఆ బాట లేకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే మగ్గానికి పని లేదు. జోయల్ గారు మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చారు. 'ఖాళీ స్థలం' అని రాసుకున్నారు. ఆయన అబద్ధం రాయలేదు. మూడు గంటలకు అది ఖాళీయే.

టవర్ కాళ్ళకు మూడు గోతులు బాట పక్కన కంపచెట్లలో పడ్డాయి. నాలుగోది సరిగ్గా బాట నడుమ తవ్వాలి. ప్రారంభోత్సవం దగ్గరపడటంతో జోయల్ గారు ఒకరోజు ఉదయం ఏడింటికే తవ్వే యంత్రంతో వచ్చారు. మగ్గాల వీధి సుంకమ్మ పడుగు అడ్డంగా ఉంది. అరవై ఏళ్ళ మనిషి, చేతిలో గంజి కుంచె.

"యాడికప్పా ఆ బండి? పడుగు తడిగుండాది. ఇప్పుడు కదిలిస్తే పోగు పోగు అంటుకుంటాది."

"అమ్మా, రికార్డులో ఇది ఖాళీ స్థలం."

"మూడింటికి వచ్చి సూసినావంట గదా? మూడింటికి మీ ఆఫీసు గుడక ఖాళీనే. ఆడ కట్టుకో పో నీ టవరు!"

యంత్రం వెనక్కి తిరిగింది. మరునాడు ఇంకొకరి పడుగు ఉంది. ఆ మరునాడు మరొకరిది. ముహూర్తం పది రోజుల్లోకి వచ్చింది.

టవర్ చేస్తున్నది ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులకు ఇనుప షెడ్లు కట్టే యాసర్. అతనికి కంగారు లేదు. "మూడు కాళ్ళు చాలు సార్. స్టూలు నిలబడ్తాలేదా?" అన్నాడు.

"ఫైలులో నాలుగున్నాయయ్యా," అన్నారు జోయల్ గారు.

ఇక్కడ పార్టీ కార్యకర్త వీరేష్ మేధస్సును మెచ్చుకోక తప్పదు. నాలుగో కాలిని వెదుళ్ళతో కట్టి, గుడ్డ చుట్టి, ఇనుము రంగు వేద్దామన్నాడు. గొయ్యి అక్కర్లేదు, ప్రారంభోత్సవం ముగిశాక విప్పేయవచ్చు. నేరుగా సుంకమ్మ దగ్గరకే వచ్చాడు.

"సుంకమ్మత్తా, గుడ్డ నువ్వే నెయ్యల్ల. నీ పేరు ప్యారిస్ దాకా పోతాది."

"నా పేరు యాడికన్నా పోనీ నాయనా, నా బాట పోగూడదు."

"కాలు నేసియ్యి, బాట జోలికి ఎవడొస్తాడో నేను సూస్తా. మాటంటే మాట."

సుంకమ్మ మా మిద్దె మీదున్న నా వైపు తల ఎత్తింది. "టీచరమ్మా, ఇన్నావు గదా?"

విన్నానన్నాను.

ఆ గుడ్డను ఆమె ఆరు రోజులు నేసింది. పడుగుకు పట్టించినట్టే గుడ్డకూ దళసరిగా గంజి పట్టించింది. ఆరాక వేలితో తడితే టంగుమన్నది. రంగు వేశాక ఏది యాసర్ కాలో, ఏది సుంకమ్మ కాలో చెప్పడం కష్టమైంది. సుంకమ్మ కాలికి వంకర లేదు కనుక నేను మాత్రం గుర్తుపట్టగలిగాను.

అమెరికాలో టెక్సస్‌లో ప్యారిస్ అనే ఊరుంది. అక్కడి టవర్ నెత్తిన ఎర్ర టోపీ పెట్టారు. మన టవర్‌కు పార్టీ రంగు తలపాగా చుట్టారు. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు నాలుగు కాళ్ళూ చూసి, నాలుగోదాన్ని అరచేత్తో తట్టి, "ఇనుమంటే ఇదీ!" అన్నారు. ఆదోని నుంచి, నందవరం నుంచి వచ్చిన జనం ఆ కాలికే వరుస కట్టి, దానికి ఆనుకుని సెల్ఫీలు దిగారు. వెళ్ళేటప్పుడు అందరి వీపులమీదా రాలిన గంజి తెల్లని చారలు. కొత్త పెయింటేమో అనుకుని దులుపుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు వాన పడింది. గంజి మెత్తబడి వాసన వచ్చింది. మేకలకు ప్రోటోకాల్ తెలియదు. సాయంత్రానికి ప్రపంచ వింతలో నాలుగో వంతు తినేశాయి. వెదుళ్ళు ఎవరి పందిళ్ళకో చేరాయి. టవర్ యాసర్ చెప్పినట్టే మూడు కాళ్ళమీద నిలబడింది. సుంకమ్మ మళ్ళీ తన చోట పడుగు సాగదీసింది.

వారం తిరగకుండా ఆమెకు స్థానికీకరణ విభాగం నుంచి నోటీసు వచ్చింది. నేనే చదివి వినిపించాను. 'మంత్రివర్యులు స్వయంగా తనిఖీ చేసి ప్రారంభించిన నాలుగు ఇనుప కాళ్ళలో ఒకటి, బరువు నాలుగు టన్నులు, కనిపించుట లేదు. సదరు కాలు ఉండవలసిన చోట మీ పడుగు ఉన్నది. పదిహేను రోజులలో కాలును యథాస్థితిలో అప్పగించనిచో మిమ్మును, మీ తోటి నేతపనివారిని ఈ స్థలమునుండి శాశ్వతముగా తొలగించి కంచె వేయబడును.'

సుంకమ్మ ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "నాలుగు టన్నులంటే ఎంతమ్మా? మా పడుగు నూలు ఎన్నేండ్లకు అంత అయితాది?" అని అడిగింది.

వీరేష్ ఫోన్ ఎత్తలేదు. జోయల్ గారిని ఆయన ఆఫీసులోనే పట్టుకున్నాను.

"ఆ కాలు గుడ్డదని మీకు తెలుసు కదా?"

"నాకు తెలుసు మేడమ్. ఫైలుకు తెలియదు."

నా సాక్ష్యం చెల్లదని కూడా ఆయనే మర్యాదగా చెప్పారు. మూడుసార్లు ప్రశ్న అడిగినందువల్ల నేను తటస్థురాలిని కానట. ప్రశ్నలేవీ అడగని సాక్షులు కావాలట.

అటువంటివారు ప్రారంభోత్సవానికి కొన్ని వేలమంది వచ్చారు. మీరూ వచ్చారు. గడువు ఇంకా ఆరు రోజులుంది. మీ ఫోన్‌లో ఆ సెల్ఫీ ఉంది, మీ ఇంట్లో చారలు పడ్డ ఆ చొక్కా ఉంది. రెండూ తీసుకుని ఉదయం ఏడింటికి పడుగుల బాటకు రండి. వచ్చి, మీ వీపుకు అంటినది తుప్పో గంజో, సుంకమ్మ ఎదుట నిలబడి చెప్పండి.