మేస్త్రి బొటనవేలు

బట్టీ మేస్త్రి ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న సంగతి. భార్య గేటు దగ్గర వేలు వేస్తుంది, తను లోపలికి పోతాడు, ఆవిడ బస్సెక్కి చెల్లెలింటికి పోతుంది. పదింటికల్లా బట్టీ మంట తగ్గించాలి. తగ్గించకపోతే లోపలున్న నాలుగు వందల జాడీలు, అంటే మూడు వారాల చాకిరీ, మైనంలా ఒరిగిపోతాయి.

భార్య వేలు ఎందుకంటే, మేస్త్రి వేళ్ళకు గీతలు లేవు. ముప్పై ఏళ్ళు మట్టి పిసికి అరిగిపోయాయి. జాడీల ఫ్యాక్టరీలో వేలిముద్రల యంత్రం పెట్టిన రోజున పది వేళ్ళూ ఆనించి చూశాడు. ఒక్కదాన్నీ అది మనిషి వేలుగా ఒప్పుకోలేదు. దాన్ని పెట్టించిన అధికారిని అందరూ గుర్తింపు సారు అంటారు. ఆయన టీకి వెళ్ళిన కాసేపట్లో, క్యారేజీ తెచ్చిన భార్య "పోనీ నాది పెట్టనా?" అంది. యంత్రం సంతోషంగా కూసి, మేస్త్రి పేరు మీద ఆ వేలునే రాసుకుంది. వారం రోజులుగా ఆవిడే వచ్చి వేలు వేసి, మొగుణ్ణి లోపలికి తోసి వెళుతోంది.

ఆ రోజు గేటు దగ్గర పాత తలుపు లేదు. మనిషి పట్టేంత అద్దాల గది ఉంది.

"ఒక్కరే ఎక్కాలి బాబాయ్," అన్నాడు కాపలాదారు. "ఇద్దరెక్కితే కింది పలక బరువు చూసి పట్టేస్తుంది. వెనక తలుపు పడ్డాక వేలేస్తే ముందు తలుపు తీస్తుంది."

"నేనెళ్ళి అవతల నుంచి మీకు తీస్తానుండండి," అంటూ భార్య ఎక్కేసింది. వేలు వేసింది, అవతలికి పోయింది. తిరిగి ఎన్నిసార్లు వేలు వేసినా తలుపు కదల్లేదు. బట్టీ మండుతుండగా మేస్త్రి బయటికి పోరాదని గుర్తింపు సారు నియమం పెట్టి ఉన్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నావు. నేనెవరో తెలీదట్రా?"

"నాకు తెలుసు బాబాయ్. దానికి తెలియద్దూ."

మేస్త్రి పరుగున ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి బట్టీ గది వెనక కిటికీ పట్టుకున్నాడు. "ఏమే, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? పోనిస్తేగా."

"బట్టీ కన్నంలోంచి చూడు. మంట ఏ రంగులో ఉంది?"

"పండిన గుమ్మడికాయలా ఉంది."

"ఇంకా లేత నారింజకు రావాలి. చూస్తూ ఉండు."

భుజం మీద చెయ్యి పడింది. గుర్తింపు సారు. "ఎవరు నువ్వు? కిటికీలోంచి ఏం చెబుతున్నావు?"

"నేను మేస్త్రినండీ."

సారు చేతిలోని కంప్యూటర్ పలక చూసుకున్నాడు. "మేస్త్రి ఎనిమిదీ యాభైకి లోపలికి వెళ్ళారు. నువ్వు మేస్త్రివైతే, నమోదు రోజున అడిగిన రహస్య ప్రశ్నకు జవాబు చెప్పు. దేనికి భయపడతావు?"

మేస్త్రి ఛాతీ పొంగించాడు. "దేనికీ భయపడను."

"తప్పు."

"బల్లికని చెప్పండి," అంది భార్య కిటికీలోంచి. "మొన్న కూడా మంచమెక్కి నిలబడ్డారుగా."

"బయటివాళ్ళు అందించకూడదమ్మా."

"నేను లోపలే ఉన్నానండీ."

సారుకు అనుమానం ముదిరింది. తానే వెళ్ళి తేల్చుకుంటానని, భుజాన పెద్ద సంచీ, చేతిలో పెట్టెతో అద్దాల గదిలోకి ఎక్కాడు. అసలే నిండైన మనిషి. వెనక తలుపు పడింది. "ఇద్దరున్నారు. ఒకరు దిగండి," అంది యంత్రం. రెండు తలుపులూ బిగుసుకున్నాయి.

"దిగండి సార్," అన్నాడు కాపలాదారు.

"ఎవర్నయ్యా దిగమంటావు?"

ఇలాంటప్పుడు లోపల బాధ్యతలో ఉన్న మనిషి వేలు వేస్తేనే విడుదల. ఆ నియమమూ సారుదే. కబురు కిటికీకి చేరింది.

"కాసేపు ఓపిక పట్టమనండి," అంది భార్య. "మంట తగ్గించాలి."

"పదయింది, తగ్గించు," అన్నాడు మేస్త్రి.

"ఇంకా రంగు రాలేదు."

"పదయిందంటుంటే!"

"మీరు గడియారం చూస్తున్నారు. నేను మంట చూస్తున్నాను. గమ్మునుండండి."

ముప్పై ఏళ్ళలో మేస్త్రి బట్టీ దగ్గర గమ్మునున్నది అదే మొదటిసారి. పదీ పన్నెండుకు లోపల మంట తగ్గించే చక్రం కిర్రుమంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి వేలు వేసింది. చెమటతో తడిసిన గుర్తింపు సారు దొర్లినట్టు బయటపడ్డాడు. ఆవిణ్ణి చూశాడు, పలక చూశాడు.

"మేస్త్రి మీరా?"

"మీ యంత్రం ఏమంటోందండీ?"

కాదని రాయాలంటే, వారం పాటు యంత్రం మోసపోయిందని రాయాలి. తను ఇద్దరిగా లెక్కకు వచ్చిన సంగతీ రాయాలి. సారు పలకను చంకలో పెట్టుకున్నాడు. "మీరేనంటోంది," అన్నాడు.

రెండు రోజులకు బట్టీ తెరిచారు. ఎప్పుడూ నలభై జాడీల దాకా వంకరపోయేవి. ఈసారి మూడే. మేస్త్రి నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ మూడే. ఒక జాడీని వేలితో మోగించి, గంటలా పలికితే, భార్య వైపు చూసి పెళ్ళినాటిలా నవ్వాడు.

ఇప్పుడు బట్టీ ఆవిడది; ఆయన పని బయట మట్టి పిసికే పాకలో. దానికి తలుపే లేదు. బట్టీ మండే రోజుల్లో మాత్రం పదింటికి గేటు దగ్గర హాజరవుతాడు. సందర్శకుల పుస్తకంలో 'వచ్చిన పని' అన్న గడిలో కాపలాదారు 'సలహా' అని రాస్తాడు. 'ఎవరు అడిగారు' అన్న గడి ఖాళీగానే ఉంటుంది.