పానకాలు మాట నేర్చిన పెట్టె

ఒక పెద్ద అడవిలో, సోమవారం ఉదయం పదింబావుకి, మహారణ్య తేనె కంపెనీ జనరల్ మేనేజరు నక్క పానకాలు తన కుర్చీ మీది దుమ్మును తోకతో దులుపుకున్నాడు. ఆ ఒక్క పనీ ఆయన ఎవరికీ అప్పగించడు. మెత్తటి పచ్చిక పరిచిన కుర్చీ అది. కంపెనీలో అలాంటివి రెండే ఉన్నాయి. రెండోది ఛైర్మన్ ఎలుగుబంటి భద్రయ్యది.

కూర్చోబోతుంటే, ఫిర్యాదులు వినే ఉడుత రవణమ్మ కిటికీలోంచి దూకి బల్ల మీద వాలింది.

"సార్, కుందేళ్లపేట వాళ్లు మళ్లీ వచ్చారు. తేనె పల్చగా ఉందట. దుంప మీద పోస్తే నిలవకుండా కిందికి జారిపోతోందట."

పానకాలు చిన్నగా దగ్గాడు. "చూద్దాం."

"కిందటి వారం జింకలకీ చూద్దామనే అన్నారు."

"ఇప్పుడూ అదే కదమ్మా అంటున్నాను. మాట మార్చానా?"

ఆ అడవిలో 'చూద్దాం' అంటే చూడనని అర్థం. 'కుదరదు' అంటే తగాదా వస్తుంది. 'చూద్దాం' అంటే వచ్చినవాడు దణ్ణం పెట్టి మరీ వెళ్తాడు. పానకాలు ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. ముందు చిన్న దగ్గు, తర్వాత 'చూద్దాం'.

"అయితే సరే సార్. పౌర్ణమికి సర్వసభ్య సమావేశం ఉంది కదా, ఛైర్మన్‌గారికే చెప్పుకుంటామంటున్నారు," అని రవణమ్మ వచ్చిన దారినే దూకి పోయింది.

కూర్చున్న పానకాలుకి మెత్తటి పచ్చిక ముళ్లలా గుచ్చుకుంది. తేనె కుండలు మోసే కాంట్రాక్టు ఆయన బావమరిదిది. దారిలో వాగు ఉంది. ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఈ సంగతి భద్రయ్య చెవిన పడితే కుర్చీ పోతుంది.

ఆ మధ్యాహ్నమే బోర్డు సమావేశం. ఎజెండాలో అంశం ఒకటే: కంపెనీకి మొట్టమొదటి ఏఐ ప్రాజెక్టు. పక్క అడవి ఇప్పపూల కంపెనీ ఏఐ పెట్టబోతోందని ఒక కాకి చెప్పింది. అదేమిటో తెలియకపోయినా, వాళ్లకంటే ముందు మనం పెట్టాలని భద్రయ్య నిశ్చయించాడు. సలహాకి నెమలి పింఛాలరావుని పిలిపించాడు. పింఛాలరావు పట్నం జూలో కొంతకాలం ఉండి వచ్చాడు. ఉన్నది బోనులోనే అయినా, వచ్చాక సలహాదారు అయ్యాడు.

"ఏఐ..." అని పింఛాలరావు మొదలుపెట్టగానే, రవాణా చూసే అడవిపంది వరహాలు లేచి నిలబడ్డాడు.

"ఏయ్ అని ఎవర్నండీ అంటున్నారు? మర్యాద, మర్యాద!"

"మిమ్మల్ని కాదండీ. యంత్రం పేరే అది. మనం మాట్లాడుకునేది వింటుంది. ఏ మాటకి ఏ జవాబు వస్తోందో కనిపెడుతుంది. తర్వాత మన బదులు తనే జవాబు చెబుతుంది."

పింఛం విప్పాడు. ఈకల మీది కన్నులన్నీ గణాంకాలన్నాడు. అందరూ తల ఊపారు.

"ఏ వాన ఎప్పుడు పడుతుందో చెప్పేది పెట్టించండి," అన్నాడు వరహాలు. "తేనెటీగల్లో సోమరులెవరో పట్టుకునేది కావాలి," అన్నాడు భద్రయ్య. లెక్కలు చూసే తాబేలు కూర్మారావు చాలాసేపటికి తల బయటపెట్టి, "ముందు పక్కవాళ్లని పెట్టనివ్వండి. అది పాడయ్యాక, ఎందుకు పాడైందో తెలుసుకుని మనం పెడదాం," అని మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

"మొదటి ప్రాజెక్టుకి అంత పెద్దవి వద్దండీ," అన్నాడు పింఛాలరావు. "రోజూ జరిగే పనై ఉండాలి. చూసి నేర్చుకోవడానికి నమూనాలు బోలెడు దొరకాలి. యంత్రం తప్పు చేసినా కంపెనీ మునగకూడదు. అలాంటి పని వెతకండి."

రవణమ్మ తోక ఎత్తింది. "సార్, కుండలు ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ తేనె చిక్కదనం చూసి, తేడా వస్తే కేకేసేలా పెట్టండి. కుందేళ్ల చేత తిట్లు తినలేక చస్తున్నాను."

భద్రయ్య ఆలోచనలో పడ్డాడు. ఆ మొహం చూడగానే పానకాలు గబగబా దగ్గాడు. "చూద్దాం. మంచి మాటే, చూద్దాం. కానీ అయ్యగారూ, పింఛాలరావుగారి కొలతలకి సరిగ్గా సరిపోయే పని మన దగ్గర ఒకటుంది. ఫిర్యాదులకి జవాబు చెప్పడం! రోజూ వస్తాయి, బోలెడు వస్తాయి. జవాబు తప్పయినా మునిగేదేముంది?"

"మరి నేనేం చెయ్యను సార్?" అంది రవణమ్మ.

"విశ్రాంతి తీసుకోవమ్మా. ఎంతకని పరిగెడతావు?"

యంత్రం జవాబులు చెబుతుంటే ఫిర్యాదులు బల్ల దాటి పైకి రావు. పైకి రాకపోతే భద్రయ్యకి తెలియవు. పౌర్ణమి గండం గడిచిపోతుంది. పానకాలు ఆ పూట రెండు కుండల తేనె తాగాడు. అది నీళ్లు కలవనిది.

పింఛాలరావు చిన్న నల్ల పెట్టె తెచ్చి రవణమ్మ కిటికీలో పెట్టాడు. రెండు రోజులయ్యాక ఈకలు ముడుచుకుని పానకాలు దగ్గరికి వచ్చాడు.

"ఇది ఏమీ నేర్చుకోవడం లేదండీ. ఎవరేం అడిగినా ఆవిడ 'సార్‌ని అడిగి చెప్తా' అంటోంది. జవాబు ఎక్కడ పుడుతుందో అక్కడ పెట్టాలి దీన్ని."

"జవాబు పుట్టేది నా దగ్గరే," అన్నాడు పానకాలు ఛాతీ పొంగించి. "నా బల్ల మీద పెట్టండి."

పెట్టె బల్ల మీదికి చేరింది. మొదటి రోజు పానకాలు దాని ముందు గొంతు సవరించుకుని మాట్లాడాడు. రెండో రోజు దాని మీద తలపాగా పెట్టాడు. మూడో రోజుకి అదొకటుందని మర్చిపోయాడు.

కుందేళ్లొచ్చాయి. చూద్దాం. వరహాలు సెలవడిగాడు. చూద్దాం. ఇంటి నుంచి ఆవిడ, భోజనానికి ఎప్పుడొస్తారని కబురు పెట్టింది. చూద్దాం.

సాయంత్రాలు బావమరిది వచ్చేవాడు. "బావా, రేపు నీళ్లు ఇంకాస్త పోయమంటావా?"

"కలపరా! ఎవడు చూస్తాడు?"

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. బావమరిది అడగకుండా ఏ పనీ చేయడు. అది అతనిలో మంచి గుణం.

పౌర్ణమి రోజు మైదానం నిండిపోయింది. పెట్టెని అక్కడికి తెచ్చి పూలదండ వేశారు. ముందుగా ఒక ముసలి కుందేలు వచ్చింది.

"అయ్యా, నెల రోజుల నుంచి తేనె పల్చగా వస్తోంది."

పెట్టె చిన్నగా దగ్గింది. "చూద్దాం."

అచ్చం పానకాలు గొంతు! మైదానమంతా చప్పట్లు. కుందేలు అలవాటు కొద్దీ దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది. పానకాలు గుండెల మీంచి బండ దిగింది.

వరహాలు ఉత్సాహం పట్టలేక, "రేపు సెలవిస్తావా?" అనడిగాడు. చూద్దాం. "ఎల్లుండి?" చూద్దాం. నవ్వీ నవ్వీ భద్రయ్యకి పొలమారింది. దగ్గుతూనే అటు ఇటు చూశాడు.

"ఎవరక్కడ? కాస్త నీళ్లు..."

"కలపరా!" అంది పెట్టె. "ఎవడు చూస్తాడు?"

మైదానంలో చెవులన్నీ నిక్కాయి.

"ఎవర్ని 'రా' అంటోంది ఇది?" అన్నాడు భద్రయ్య.

"అయ్యగారూ, యంత్రానికి కాస్త నలత చేసినట్టుంది..." అంటూ పానకాలు పెట్టె మీదికి తలపాగా విసరబోయాడు.

అంతలో రవణమ్మ పెట్టె పక్కకి దూకింది. "నీళ్లు," అంది మెల్లగా.

"కలపరా! ఎవడు చూస్తాడు?"

మైదానం చివర కూర్చున్న బావమరిది, అలవాటు కొద్దీ లేచి, "సరే బావా!" అన్నాడు.

ఇక విచారణ అవసరం లేకపోయింది.

"నా సరుకులో తప్పు లేదండీ," అన్నాడు పింఛాలరావు పింఛం సగం విప్పి. "ఎదురుగా ఏ పని జరిగితే ఆ పనే నేర్చుకుంది. అయితే అది ఫిర్యాదుల పని కాదు, మేనేజరు పని. నా మూడు కొలతలకీ ఇదే బాగా సరిపోయింది."

కూర్మారావు తల బయటపెట్టాడు. ఆయన అంత త్వరగా పెట్టడం అదే మొదటిసారి. "పెట్టె మేలండీ. సెలవు పెట్టదు. బావమరిది లేడు."

ఆ సాయంత్రమే పచ్చిక కుర్చీలో పెట్టెని కూర్చోబెట్టారు. "మరి చిక్కదనం చూసే ప్రాజెక్టు?" అని రవణమ్మ భద్రయ్యని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపే కుర్చీలోంచి చిన్న దగ్గు, వెనకే 'చూద్దాం' వినిపించాయి. భద్రయ్య తృప్తిగా తలూపాడు.

పానకాలు పక్క అడవికి నడిచాడు. ఇప్పపూల కంపెనీ ఆఫీసులో తడిక ముందు నిలబడి, అనుభవమంతా ఏకరువు పెట్టి, ఉద్యోగం ఇప్పించమని వేడుకున్నాడు. తడిక వెనక ఎవరో చిన్నగా దగ్గారు.

"చూద్దాం."

ఆ మాటకి అర్థం పానకాలుకి తెలిసినంతగా ఏ అడవిలోనూ ఎవరికీ తెలియదు. అయినా దణ్ణం పెట్టాడు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఎవరో గాని పని తెలిసిన మేనేజరేనని దారిలో కనబడ్డవాళ్లకి చెప్పాడు.

తడిక వెనక ఉన్నది పింఛాలరావు అమ్మిన రెండో పెట్టె అనీ, మొదటి పెట్టె నేర్చిన పాఠమే దానికీ ఎక్కించారనీ కొన్నాళ్లకి గాని ఆయనకి తెలియలేదు.

నీతి: తన పని యంత్రం చేయలేదని ధీమాగా ఉండాలంటే, ముందు తానేదో ఒక పని చేస్తూ ఉండాలి.