ముందు తాడు మనిషి

శుక్రవారం పొద్దున నిబాల్దో వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. కోడ్ సమీక్ష చప్పున ముగించుకుని, మధ్యాహ్నం రాజధాని శాంతియాగోలో బస్సెక్కి, తెల్లారేసరికి దక్షిణాన ఉన్న సొంతూరు చిలోయే దీవిలో దిగాలి. శనివారం సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఎర్సీరా ఇల్లు అవతలి ఒడ్డుకు పోతుంది. సామాను కాదు, ఇల్లే. నేల మీద ఎద్దులు, నీళ్ళలో పడవలు లాగుతాయి, ఊరంతా తాళ్ళు పట్టుకుంటారు. దాన్ని అక్కడ తిరాదూరా అంటారు. బతికున్నన్నాళ్ళూ ఎవరి ఇల్లు కదిలినా ముందు తాడు నిబాల్దో నాన్నదే.

"ఆ తాడు నీకే ఉంచానురా. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను," అంది తల్లి ఫోన్లో. "కానీ పోటు నీ సెలవు కోసం ఆగదు. చూసుకో మరి."

నిబాల్దోకు ఊరి మీద బెంగ ఎంతంటే, తను రాసిన ఫంక్షన్‌కు కూడా తిరాదూరా అనే పేరు పెట్టుకున్నాడు. అతని కంపెనీ తయారుచేసేది డీబగ్గర్, అంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆపి తప్పు వెతికే పనిముట్టు. ఆపిన ప్రోగ్రామును ఉన్నదున్నట్టుగా ఇంకో కంప్యూటర్‌కు తరలించడం ఈ ఫంక్షన్ పని. మొదటిసారి పిలిస్తే బుద్ధిగా చేస్తుంది. రెండోసారి పిలిస్తే మొరాయిస్తుంది. ఎందుకో ఆఫీసులో ఎవరికీ అంతుపట్టలేదు.

సమీక్షకు కూర్చున్న యస్నా మేడమ్ ఎడారిలో పుట్టి పెరిగిన మనిషి.

"తిరాదూరా ఏంటయ్యా? వంటకమా?"

"మా ఊళ్ళో అలా అంటారు మేడమ్."

"రేపు ఈ కోడ్ చదివేది మీ ఊరివాళ్ళా? పేరు చూస్తే పని తెలియాలి. పైన ఒక్క ముక్క వివరణ లేదు. మార్చి పంపు."

వాదిస్తే బస్సు పోతుంది. నిబాల్దో కోడ్ ఉన్న ఫోల్డర్ మొత్తంలో తిరాదూరా కనిపించిన ప్రతిచోటా 'ఆగిన_ప్రోగ్రామును_తరలించు' అని ఒక్క దెబ్బకు మార్చేసి, సంచి సర్దుకోవడానికి లేచాడు. ఆ చిన్న కంపెనీలో సెలవు చీటీలు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయని తొందరలో మరిచిపోయాడు.

యస్నా అతని సెలవు చీటీ తెరిచింది. "శనివారం మా అమ్మ ఇంట్లో ఆగిన_ప్రోగ్రామును_తరలించు ఉంది. మనుషులు కుదిరారు. ఎద్దులు సిద్ధం. ముందుండి లాగాల్సింది నేనే. పోటు దాటితే పని చెడుతుంది."

ఆవిడకు అర్థమైంది ఒకటే. మన సరుకు ఇంకెవరికో తరలిస్తున్నాడు, అదీ సెలవు పెట్టి మరీ! క్షణంలో నిబాల్దో కంప్యూటర్‌కు తాళం పడింది. గుమ్మం దాటబోతున్నవాణ్ణి కాపలావాడు సంచితో సహా వెనక్కి తెచ్చాడు.

"ఎవరయ్యా ఈ ఎద్దులు?"

"మా బాబాయివి మేడమ్."

"ఓహో, కుటుంబమంతా ఉన్నారన్నమాట! తరలించేది ఏంటి?"

"ఇల్లు మేడమ్."

"ఎక్కడికి?"

"సముద్రం అవతలికి."

"నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా?"

నిబాల్దో గడియారం చూశాడు. ఈపాటికి బస్సు బయలుదేరి ఉంటుంది. ఏడుపొక్కటే తక్కువ.

"కూర్చో," అంది యస్నా. "తిరాదూరా అంటే ఏంటో, నాలాంటి దానికి అర్థమయ్యేలా రాయి."

రాశాడు. కడుపులో ఉన్నదంతా రాశాడు. "నిలబడ్డ ఇంటిని గోడలతో, కిటికీలతో సహా కొత్త చోటికి చేర్చేది. లోపలున్నది ఏదీ ఒలకకూడదు. ఎద్దులు, పడవలు, తాళ్ళు అన్నీ ఊళ్ళోవాళ్ళ దగ్గర ఎరువు తెచ్చినవే. ఒక్క తాడు ఖాళీగా ఉన్నా ఇల్లు ఒరుగుతుంది. పని కాగానే ఎరువు తెచ్చినవి అప్పగించి, అందరికీ కడుపునిండా పెట్టాలి. లేకపోతే రెండోసారి పిలిస్తే ఎవరూ రారు."

యస్నా చదివింది. ఇంకోసారి చదివింది. కోడ్ వైపు చూసింది.

"మరి నీ ఫంక్షన్ ఎరువు తెచ్చుకున్న మెమరీ ఎక్కడ అప్పగిస్తోందయ్యా?"

నిబాల్దో కోడ్ పైనుంచి కిందదాకా వెతికాడు. ఎక్కడా అప్పగించడం లేదు. అందుకే రెండోసారి రావడం లేదు.

"పాత పేరే పెట్టు," అంది యస్నా, కాస్త సిగ్గుపడుతూ. "ఈ వివరణంతా పైన ఉంచు. నువ్వు ముందు బయలుదేరవయ్యా, సాయంత్రం బస్సు ఉందేమో చూడు."

సాయంత్రం బస్సు మర్నాడు దీవి చేరేసరికి పోటు తగ్గిపోయింది. ఇల్లుండే చోట దుంగలు, తొక్కుడుపడ్డ బంగాళాదుంపల మడి మిగిలాయి. చెక్క పలక మీద బొగ్గుతో "ఇల్లు అక్కడ" అని ఉంది. అక్కడంటే ఎక్కడో రాయలేదు. అతనికి నవ్వొచ్చింది. నీళ్ళకవతల పరాయి చెట్ల మధ్య తమ పసుపురంగు కిటికీ కనిపించింది.

పడవ దిగేసరికి బంతి భోజనాలు సాగుతున్నాయి. తల్లి వేడి వేడి మిల్కావ్, అదే బంగాళాదుంపల రొట్టె, చేతిలో పెట్టింది.

"ముందు తాడు ఎవరు పట్టారమ్మా?"

"ఎవరూ పట్టలేదు. నీకే ఉంచుతానన్నానుగా," అంది ఎర్సీరా, ఇంటివైపు చూడకుండా.

అంతలో ఫోన్ మోగింది. యస్నా సందేశం: "ఇల్లు చేరిందా?"

నిబాల్దో రొట్టె పక్కన పెట్టి, ఇంటిని మెడ వంచి చూసి, ఆవిడ నేర్పినట్టే స్పష్టంగా రాశాడు: "చేరింది. ఎడమవైపు కాస్త ఒరిగింది. కారణం: పిలిచినప్పుడు ఒకడు రాలేదు."